యాభై గ్రాముల అన్నం: చాట్‌బాట్ మీల్ ప్లానుతో వచ్చిన ఒక కేసు

ఈ కేసు రాయడానికి ఆ కుటుంబం ఒప్పుకుంది. గుర్తుపట్టే వివరాలు తీసేశాను, వయసులు కొద్దిగా మార్చాను. రిపోర్టుల్లోని అంకెలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇచ్చాను.

నేపథ్యం

నేను హైదరాబాద్‌లో డైటీషియన్‌ని. చాట్‌బాట్లు జనంలోకి వచ్చినప్పటి నుంచి నా దగ్గరికి వచ్చేవాళ్ళు రిపోర్టుల ఫైలుతో పాటు ఫోనులో ఒక మీల్ ప్లాన్ కూడా తెచ్చుకుంటున్నారు. అంతకు ముందు యూట్యూబ్ వీడియోలు తెచ్చేవారు. వాటికీ ముందు పక్కింటావిడ మాట పట్టుకొచ్చేవారు. కాబట్టి ఫోను చూపించగానే మొహం ముడుచుకోవడం మానేశాను. ఎవరో ఒకరి సలహాతో వండుకోవడం మనకు కొత్తేమీ కాదు.

ఈ ఇంట్లో ఐదుగురు. పెద్దాయనకు 67 ఏళ్ళు, 62 కిలోల బరువు, పద్నాలుగేళ్ళుగా షుగరు, బీపీ. పొద్దున టిఫినుకు ముందు గ్లైమిపిరైడ్ 2 మిల్లీగ్రాములు, రెండు పూటలా మెట్‌ఫార్మిన్, బీపీకి టెల్మిసార్టన్ వాడుతున్నారు. ఆయన భార్యకు మోకాళ్ళ నొప్పులు తప్ప పెద్ద జబ్బులేమీ లేవు. కొడుకు, కోడలు హైటెక్ సిటీ వైపు ఉద్యోగాలు చేస్తారు, ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిదవుతుంది. పాపకు తొమ్మిదేళ్ళు. ఉత్తర తెలంగాణ నుంచి వచ్చి నగరంలో స్థిరపడి పాతికేళ్ళు దాటింది. పొద్దుటి వంట అత్తగారిది, రాత్రి వంట కోడలిది. ఓపిక లేని రోజున వీధి చివరి కర్రీ పాయింటే దిక్కు, అలా వారానికి ఆరు పూటలు బయటి కూరే తింటున్నారు. హైదరాబాద్‌లో ఇది వింతేమీ కాదు. అన్నం ఇంట్లో వండుకుని కూర పొట్లాలు తెచ్చుకునే ఇళ్ళు నా కేసుల్లో సగానికి పైనే ఉంటాయి.

వచ్చిన సమస్య

2024 నవంబరులో ఒక సాయంత్రం పెద్దాయన వాకింగ్ నుంచి వస్తూ అపార్ట్‌మెంట్ లిఫ్టు దగ్గర కూర్చుండిపోయారు. చెమటలు, చేతులు వణుకు, మాట తడబాటు. గ్లూకోమీటరులో 58. డెబ్బై కన్నా తగ్గితేనే లో షుగరు కింద లెక్క. కొడుకు కంగారులో ఫోను తీసి చాట్‌బాట్‌నే అడిగాడు. మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించమని, పదిహేను నిమిషాల తర్వాత మళ్ళీ చూడమని, మళ్ళీ తగ్గితే ఆసుపత్రికి తీసుకెళ్ళమని చెప్పింది. నేనైనా అదే చెప్పేదాన్ని. ఆయన తేరుకున్నారు. రెండు రోజుల తర్వాత కొడుకు, కోడలు ఆయన్ని వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చారు.

అంతకు ముందు మూడు వారాలుగా ఇంట్లో చాట్‌బాట్ ఇచ్చిన ప్లాన్ నడుస్తోంది. కొడుకు అడిగిన మొదటి ప్రశ్న చూపించమన్నాను. ఐదుగురికి వారం రోజుల డయాబెటిక్ ఫ్రెండ్లీ, హై ప్రోటీన్ సౌత్ ఇండియన్ మీల్ ప్లాన్ కావాలి, అంతే. మందుల పేర్లు లేవు, కిడ్నీ రిపోర్టు లేదు, వంట ఎవరు చేస్తారో లేదు. వచ్చిన జవాబు చూడముచ్చటగా ఉంది: ఏడు రోజులు, మూడు పూటలు, ఇరవై ఒక్క వంటకాలు, పక్కన క్యాలరీలు. అడుగున డాక్టరును సంప్రదించండి అని ఒక లైను. ఆ లైను ఎవరూ చదవలేదు. నిజం చెప్పాలంటే మందు పెట్టె మీది చిన్న అక్షరాలు కూడా మనం చదవం.

నా చూపు ఒక్క చోట ఆగింది. మధ్యాహ్నం: అన్నం 50 గ్రాములు.

"దీన్ని ఎలా కొలిచారు?" అని అడిగాను. కోడలు చెప్పింది, "కిచెన్ స్కేలు కొన్నాం మేడమ్. పళ్ళెంలో వడ్డించాక కరెక్టుగా యాభై."

యాభై గ్రాముల బియ్యం ఉడికితే నూట ముప్పై నుంచి నూట యాభై గ్రాముల అన్నం అవుతుంది. బియ్యంగా తూస్తే అందులో పిండిపదార్థం 39 గ్రాముల దాకా ఉంటుంది. ఉడికిన అన్నంగా తూస్తే పద్నాలుగో పదిహేనో. ప్లాన్ ఉద్దేశం బియ్యమో అన్నమో ఇప్పటికీ తెలియదు, ఎందుకంటే అక్కడ రాసి లేదు. పొద్దున ఇడ్లీ మాన్పించి రెండు గుడ్ల తెల్లసొన, మధ్యాహ్నం నాలుగు ముద్దలు కూడా రాని అన్నం, సాయంత్రం నలభై నిమిషాల నడక. కడుపులో గ్లైమిపిరైడ్ మాత్రం ఎప్పటిలాగే పనిచేస్తోంది. తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ను బయటికి తోసే మందు అది. తిండి సగానికి పడిపోయి మందు అలాగే ఉంటే షుగరు పడిపోవడంలో ఆశ్చర్యమేముంది?

మొదట చేసినవి

ఆ రోజు నేను డైట్ చార్టు ఇవ్వలేదు. మందు డోసు మార్చడం నా పని కాదు, కానీ డోసు తేలకుండా అన్నం ఎంతో చెప్పడం కూడా తప్పే. ముందు వాళ్ళ డాక్టరు దగ్గరికి పంపాను, మూడు వారాల తిండి వివరం ఒక కాగితం మీద రాసిచ్చి. అప్పటిదాకా పొద్దున రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం పాత కొలత అన్నం పెట్టమన్నాను. డాక్టరు గ్లైమిపిరైడ్ 1 మిల్లీగ్రాముకు తగ్గించి రక్త పరీక్షలు రాశారు.

రెండోసారి వచ్చేటప్పుడు వంటింట్లో కొత్తగా చేరిన ప్యాకెట్లన్నీ సంచిలో వేసుకు రమ్మన్నాను. ఇది నా పాత అలవాటు, నోటితో అడిగితే సగం మరచిపోతారు. ఓట్స్, క్వినోవా, వే ప్రోటీన్ డబ్బా, వీటి మధ్య ఒక లో సోడియం ఉప్పు ప్యాకెట్. బీపీకి ఉప్పు తగ్గించడం ఎలా అని ఇంకో రోజు అడిగితే చాట్‌బాట్ చెప్పిందట. ఈ ఉప్పులో సోడియం క్లోరైడ్ కొంత తీసేసి పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. మామూలు మనిషికి మంచిదే. ఈయన ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే అంకె) 52, అంటే పనితీరు తగ్గింది, పైగా టెల్మిసార్టన్ పొటాషియాన్ని ఒంట్లో నిలిపే మందు. పరీక్షలో పొటాషియం 5.4 వచ్చింది, ఉండాల్సిన దానికన్నా ఎక్కువ. ఆ ఉప్పు ఆపేశారు, రెండు వారాలకు 4.7కు దిగింది. ఈ కేసు నడుస్తుండగానే, 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇలాంటి ఉప్పుల మీద సిఫారసు విడుదల చేసింది. పెద్దవాళ్ళు వాడొచ్చని చెబుతూనే కిడ్నీ పనితీరు తగ్గినవాళ్ళను, గర్భిణులను, పిల్లలను పక్కన పెట్టింది. అంటే చాట్‌బాట్ చెప్పింది తప్పుడు మాట కాదు. మంచి మాటే, ఈ మనిషికి పనికిరాని మాట.

వే ప్రోటీన్ సంగతీ అంతే. ప్లాన్ ప్రకారం పెద్దాయనకు రోజుకు 95 గ్రాముల ప్రోటీన్. ఆయన కిడ్నీల స్థితికి కిలోకు 0.8 లెక్కన 50 చాలు. డబ్బా కొడుక్కి అప్పగించాం, జిమ్‌కు వెళ్ళేది అతనే.

నా చార్టు తొమ్మిది రోజులు

ఇక్కడ నా తప్పు కూడా రాయాలి. చాట్‌బాట్ వద్దనలేదు. వద్దంటే నాకు చెప్పకుండా వాడతారు, అది ఇంకా ప్రమాదం. కానీ లోలోపల నా చార్టు ఉండగా ఆ అవసరమేముంది అనుకున్నాను. ఐదుగురికీ వేర్వేరు గడులతో రెండు పేజీల చార్టు ఇచ్చాను. అన్నం కొలతలు సరైనవి, కూరగాయలు ఊళ్ళో దొరికేవి. తొమ్మిదో రోజున కోడలు ఫోను చేసింది. "సారీ మేడమ్, మళ్ళీ కర్రీ పాయింటుకే వెళ్తున్నాం."

ఎందుకని ఆరా తీస్తే తేలింది ఇది. మంగళవారం గడిలో బీరకాయ అని ఉంది, ఇంట్లో ఉన్నది దొండకాయ. బుధవారం రాత్రి జొన్న రొట్టె అని ఉంది, రొట్టెలు చేసే అత్తగారికి ఆ రోజు మోకాళ్ళు పట్టేశాయి. శనివారం పెద్దాయన ఒక్కపొద్దు, చార్టులో చికెన్. చాట్‌బాట్ ప్లానులోనూ శనివారమే చికెన్ ఉందని కోడలు నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు. పదకొండేళ్ళుగా ఈ ఊళ్ళో ప్రాక్టీసు చేస్తూ శనివారం సంగతి అడగకపోవడం యంత్రం చేసిన తప్పు కన్నా పెద్దది.

తర్వాతి ప్రయత్నం ఇంకా విడ్డూరం. నేనూ కొడుకూ కూర్చుని చాట్‌బాట్‌కు పేజీన్నర ప్రశ్న రాశాం. మందులు, రిపోర్టు విలువలు, శనివారం, పాప స్కూలు డబ్బా, కర్రీ పాయింటు, అన్నీ పెట్టాం. (అంతకు ముందు అతను తండ్రి పేరు, ఫోన్ నంబరు కనబడేలా రిపోర్టు ఫొటోలే ఎక్కించాడట. అవి తీసేయించి అంకెలు మాత్రం టైపు చేయించాను.) ఈసారి టేబుల్ నిజంగా బాగా వచ్చింది. మా ఇద్దరికీ కాసేపు సంతోషం వేసింది. తర్వాత అలవాటు కొద్దీ లెక్క సరిచూశాను.

పప్పు ఒక కప్పు, ప్రోటీన్ 22 గ్రాములు అని ఉంది. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల్లో 528 ఆహారాల విలువలున్నాయి. కందిపప్పుకు వంద గ్రాములకు ప్రోటీన్ దాదాపు 22 గ్రాములు, కానీ అది పచ్చి పప్పుకు. ఈ ఇంట్లో ఐదుగురికి వేసేది నూట యాభై గ్రాముల పప్పు. మనిషి వాటా ముప్పై గ్రాములు, అంటే ప్రోటీన్ ఆరున్నర. అన్నంతో ఎక్కడ జారామో పప్పుతోనూ అక్కడే జారాం: పచ్చిదా, ఉడికిందా? ఆ రోజు మొత్తం అని అడుగున వేసిన అంకె పై గడులను కూడితే వచ్చే అంకె కాదు. అదే ప్రశ్న మళ్ళీ వేస్తే ఇంకో అంకె. ఈ యంత్రం తర్వాత రావాల్సిన మాటను అంచనా కడుతూ రాస్తుంది, అందుకే లెక్క కూడా మాటలాగే నున్నగా వస్తుంది, నిజమైనా కాకపోయినా. ఆ రోజు నుంచి ఈ కేసులో దాన్ని అంకె అడగడం మానేశాం.

ఎవరు అడగాలి

మలుపు అత్తగారి వల్ల వచ్చింది. నాలుగో విజిట్‌కు ఆమెను కూడా రమ్మన్నాను, అంతవరకూ ఆమె రాలేదు, నేనూ అడగలేదు. టేబుల్ తెలుగులో చదివి వినిపించాను. అంతా విని అంది: "అండ్ల మా ఇంటి ముచ్చట ఒక్కటన్న లేదు బిడ్డా."

నాకు అప్పుడు వెలిగింది. చాట్‌బాట్‌ను అడిగిందీ, నా చార్టు తీసుకుందీ వండని మనిషి. కొడుకు ప్రశ్నలో ఆశలున్నాయి: షుగరు తగ్గాలి, ప్రోటీన్ పెరగాలి. ఆమె తలలో సరుకులున్నాయి: ఫ్రిజ్‌లో సగం సొరకాయ, నిన్నటి పెరుగు, నానబెట్టిన పెసలు, ఎనిమిదిన్నరకు తినాలనే మనవరాలు. యంత్రానికి మొదటివి చెబితే పత్రికలో వంటల పేజీ వస్తుంది. రెండోవి చెబితే రాత్రి భోజనం వస్తుందేమో చూద్దామనుకున్నాను.

వారం ప్లాన్ తీసేశాం. వైద్యానికి సంబంధించింది ఏదీ చాట్‌బాట్ చేతికి ఇవ్వలేదు, అది నేనూ డాక్టరూ కలిసి ఒక కార్డు మీద రాసి ఫ్రిజ్‌కు అంటించాం. పెద్దాయనకు మధ్యాహ్నం వండిన అన్నం ఒక స్టీలు గిన్నె నిండా, తలకొట్టి. ఆ గిన్నెలో 160 గ్రాములు పడుతుందని నా ముందే తూచాం, దాని మీద కోడలు గోళ్ళ రంగుతో చుక్క పెట్టింది. ఇక స్కేలు అక్కర్లేదు. నాలుగు గంటలకు మించి ఖాళీ కడుపుతో ఉండకూడదు, వాకింగ్‌కు ముందు ఏదో ఒకటి తినాలి, మామూలు ఉప్పే వాడాలి కానీ పచ్చడి ఒక పూటే, పొడులు లేవు. ఉప్పు సంగతిలో నేను ఉప్పు డబ్బాను వదిలేసి పచ్చడి జాడీనీ కర్రీ పాయింటునీ పట్టుకున్నాను, ఈ ఇంట్లో ఉప్పు వచ్చే దారులు అవే.

చాట్‌బాట్‌కు మిగిలింది ఒకటే పని. సాయంత్రం ఆరింటికి అత్తగారు ఫోనులో మైకు నొక్కి తెలుగులో ఇంట్లో ఏమున్నాయో చెబుతుంది. కార్డులోని మాటలు ముందే సంభాషణ మొదట్లో పెట్టి ఉంచాం. వాటికి మూడు షరతులు కలిపాం. ఒకే వంట, పళ్ళెం దగ్గర తేడాలు. ముప్పై ఐదు నిమిషాలు, ఒక కుక్కరు, ఒక మూకుడు. తెలియనిది ఊహించకుండా ముందు అడగాలి. ఈ చివరి షరతు నేననుకున్న దానికన్నా బాగా పనిచేసింది. అంతకు ముందు అడగ్గానే జవాబు కుమ్మరించేది, ఇప్పుడు "పెసలు నానాయా, మొలకలు వచ్చాయా? ఈ రాత్రి రొట్టె చేయడానికి ఓపిక ఉందా?" అంటోంది. రెండో ప్రశ్న చూసి ఆమె మురిసిపోయింది. ఇంట్లో వాళ్ళెవరూ అలా అడగరట.

మొదటి వారంలోనే ఒక తమాషా జరిగింది. ఆమె అనపకాయలు ఉన్నాయని చెప్పింది. తెలంగాణలో ఆ మాటకు చిక్కుడు జాతి కాయ అని అర్థం, లోపలి గింజల కోసం కొంటారు. కోస్తా వైపు ఆనపకాయ అంటే సొరకాయ. చాట్‌బాట్ తొక్క చెక్కి, గింజలు తీసేసి ముక్కలు కోయమంది. "గింజల కోసమే కదా బిడ్డా కొన్నది, గవే తీసి పారెయ్యమంటది!" అని ఆమె నాకు ఫోను చేసి మరీ నవ్వింది. కొడుకు ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసి ఉంటే, కోడలు అదే నమ్మి చేసి ఉంటే ఏమయ్యేదో. వంట తెలిసిన మనిషి చేతిలో ఆ తప్పు ఒక నవ్వుతో పోయింది.

ఒకే వంట అంటే ఎలా ఉంటుందో ఒక రాత్రి రాస్తాను. గంగవాయిలి కూర పప్పు, సొరకాయ కూర, నాలుగు జొన్న రొట్టెలు, కొంచెం అన్నం. పెద్దాయన పళ్ళెంలో ఒక రొట్టె, సగం పళ్ళెం కూర, పప్పు. పాపకు అన్నం, పప్పు, నెయ్యి, ఉడికించిన గుడ్డు. కొడుకు, కోడలు రొట్టెతో తిన్నారు, అతను గుడ్లు రెండు వేసుకున్నాడు. జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లోని పళ్ళెం బొమ్మలో సగం కూరగాయలు, పండ్లే ఉంటాయి. ఆ బొమ్మ క్లయింట్లకు ఎంత చూపిస్తున్నా ఎవరి పళ్ళెంలోనూ కనబడదు. ఇక్కడ ఆ రాత్రి ఫొటోలో కనబడింది.

ఆదివారం రైతుబజారుకు కూడా పద్ధతి మారింది. ముందు ప్లాన్ ప్రకారం లిస్టు రాసుకుని బ్రకోలీ కోసం సూపర్‌మార్కెట్టుకు వెళ్ళేవారు. ఇప్పుడు రేట్ల బోర్డు చూసి ఏది చవకగా, తాజాగా ఉంటే అది కొని, ఇంటికొచ్చాక చాట్‌బాట్‌కు చెబుతున్నారు.

పన్నెండు వారాలకు

హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు చెప్పే పరీక్ష) 8.1 నుంచి 7.5కు వచ్చింది. లో షుగరు మళ్ళీ రాలేదు. ఇందులో చాట్‌బాట్ వాటా ఎంతని అడిగితే విడదీసి చెప్పలేను. మందు డోసు మారింది, గిన్నె వచ్చింది, వాకింగ్‌కు ముందు గుప్పెడు గుడాలు (గుగ్గిళ్ళు) వచ్చాయి. దాని ఖాతాలో నేను ధైర్యంగా రాయగలిగింది కర్రీ పాయింటు ఒక్కటే: వారానికి ఆరు పూటల నుంచి రెండుకు తగ్గింది. కోడలు చెప్పిన కారణం, ఇంటికొస్తూ ఏం వండాలా అన్న టెన్షన్ లేకపోవడం. వంట కన్నా ఆ ఆలోచనకే ఎక్కువ అలసిపోయేదాన్నని ఆమె అంది. పాప డబ్బా మాత్రం ఇంకా సగమే ఖాళీ అవుతోంది, ఆ సంగతి వేరే.

ఈ కేసు తర్వాత నా పద్ధతిలో కొన్ని మారాయి. మొదటి విజిట్‌లోనే చాట్‌బాట్ జవాబుతో పాటు దానికి వేసిన ప్రశ్న కూడా అడిగి చూస్తున్నాను, దేన్ని దాచారో ప్రశ్నలోనే తెలుస్తుంది. వండే మనిషి రాకుండా చార్టు ఇవ్వడం లేదు. షుగరు మందుల్లో గ్లైమిపిరైడ్ లాంటివి, లేదా ఇన్సులిన్ వాడేవాళ్ళు అన్నం తగ్గించే ప్లాన్ ఏదైనా సరే, ఎవరిచ్చినా సరే, డాక్టరుకు చూపించకుండా మొదలుపెట్టొద్దని గోడ మీద రాసి పెట్టాను. గ్రాములు రాసిన ప్రతిచోటా బియ్యమా అన్నమా అని నా చార్టుల్లో కూడా రాస్తున్నాను. పాత చార్టులు తీసి చూస్తే చాలా వాటిలో నేనూ రాయలేదు.

ఫిబ్రవరిలో పెద్దాయన శివరాత్రికి ఉపవాసం, జాగారం చేస్తానన్నారు. ముప్పై ఏళ్ళ నియమం. ఇది చాట్‌బాట్‌ను అడగొద్దని అత్తగారికి ముందే చెప్పాను. "అడుగుతనా బిడ్డా? కందగడ్డ అంటె కంద అనుకుంటదది" అంది ఆమె. తెలంగాణలో కందగడ్డ అంటే చిలగడదుంప. డాక్టరు నిరాహారానికి ఒప్పుకోలేదు, ఆ ఒక్క రోజుకు మందు ఎలా వేసుకోవాలో ఆయనే రాసిచ్చారు. పాలు, పండు, చిన్న ముక్క ఉడికించిన కందగడ్డ, నాలుగు గంటలకోసారి మీటరు. జాగారం మాత్రం పెద్దాయన వదల్లేదు. తెల్లవారి ఆరున్నరకు కోడలి ఫోను నుంచి మెసేజ్ వచ్చింది, మీటరు ఫొటో. 126.